ఆపరేషన్ తర్వాత కుట్ల సంరక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

సర్జికల్ వార్డులో నర్సుగా రోజూ డిశ్చార్జి కాగితాలు చేతికిస్తుంటాను. కాగితం తీసుకుని గేటు దాకా వెళ్లినవాళ్లు కూడా వెనక్కి వచ్చి అడుగుతారు: "సిస్టర్, పప్పు పెట్టొచ్చా? నీళ్లు తగలొచ్చా?" రెండు రోజులాగి ఫోన్ చేసినా అవే ప్రశ్నలు. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాను.

ఇన్నేళ్లలో నేను చూసిందేమిటంటే, మనవాళ్లు గాయానికి అక్కర్లేని సేవలన్నీ చేస్తారు. మనిషికి మాత్రం పథ్యం పేరుతో కడుపు మాడుస్తారు. జరగాల్సింది దీనికి తిరగేసి. గాయాన్ని కదపకండి, మనిషికి కడుపునిండా పెట్టండి.

ఇక్కడున్నవి ఎక్కువగా సిజేరియన్, అపెండిక్స్, హెర్నియా, గాల్‌బ్లాడర్ లాంటి పొట్ట ఆపరేషన్ల గురించి. మీ సర్జన్ మీకంటూ వేరే చెప్పి ఉంటే ఆ మాటే వినండి.

## ఇంటికొచ్చిన మొదటి రెండు మూడు రోజులు

హాస్పిటల్లో వేసిన కట్టు ఎప్పుడు విప్పాలి?

మామూలుగా 48 గంటలు కదపకుండా ఉంచాలి. కోసిన అంచులు రెండూ దగ్గరగా కుట్టి ఉంటాయి కాబట్టి పైచర్మం ఒకటి రెండు రోజుల్లోనే అతుక్కుని, బయటి క్రిములు లోపలికి పోకుండా మూసుకుపోతుంది. ఈలోపు "ఎలా ఉందో చూద్దాం" అని ఊరికే ఎత్తి చూడకండి. కట్టు తడిసినా, ఊడినా, మురికైనా మాత్రం ఆగకుండా మార్చాలి. కొందరు సర్జన్లు వారం దాకా ఉండే వాటర్‌ప్రూఫ్ కట్టు వేస్తారు. మీకు వేసింది అదేనా అని డిశ్చార్జి రోజే అడగండి.

కట్టు మీద రక్తం కనిపిస్తోంది. భయపడాలా?

రూపాయి బిళ్లంత మరకైతే కంగారు అక్కర్లేదు. పెన్నుతో మరక అంచు చుట్టూ గీత గీసి, పక్కనే టైము రాయండి. గంట తర్వాత మరక గీత దాటిందా చూడండి. దాటితే శుభ్రమైన గాజ్‌గుడ్డ మడిచి ఆ కట్టు మీదే పెట్టి, అరచేత్తో 10 నిమిషాలు గడియారం చూస్తూ నొక్కి పట్టుకోండి. మధ్యలో ఎత్తి చూస్తే గడ్డకట్టబోయే రక్తం మళ్లీ కదులుతుంది. అప్పటికీ ఆగకపోతే హాస్పిటల్‌కి బయల్దేరండి. గుండెజబ్బుకో పక్షవాతానికో రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు మరక పెరుగుతోందని తెలియగానే డాక్టరుకు ఫోన్ చేయాలి. ఆ మందులు సొంతంగా ఆపడం మాత్రం ప్రమాదం.

దగ్గితే, తుమ్మితే కుట్లు ఊడిపోతాయా?

ఊడవు. పైకి కనిపించేవి చర్మం కుట్లు మాత్రమే. పొట్ట గోడను లోపల వేరే గట్టి దారంతో కుడతారు, ఒత్తిడి తట్టుకునేది అదే. భయపడి దగ్గు ఆపుకుంటేనే కఫం పేరుకుని నిమ్ము చేస్తుంది. చిన్న దిండు గానీ మడతపెట్టిన దుప్పటి గానీ కుట్టు మీద రెండు చేతులతో అదిమి పట్టుకుని దగ్గండి. మంచం మీంచి లేచేటప్పుడు వెల్లకిలా నుంచి నేరుగా లేవొద్దు. మోకాళ్లు ముడిచి, పక్కకి తిరిగి, కాళ్లు కిందికి దించుతూ మోచేతి మీద ఆనుకుని లేవండి. మొదటిసారి ఎవరైనా పక్కన ఉండాలి. రెండో రోజుకు మీకే అలవాటైపోతుంది.

నొప్పి మాత్ర వేసుకుంటే గాయం ఆలస్యంగా మానుతుందా?

డాక్టరు రాసిన మోతాదులో వేసుకుంటే మానడానికి అడ్డేమీ లేదు. నొప్పి ఓర్చుకుంటూ పడుకున్నవాళ్లే నడవరు, లోతుగా ఊపిరి పీల్చరు, సరిగా తినరు. పారాసిటమాల్ 650 రాస్తే సాధారణంగా 6 గంటలకొకటి చొప్పున, రోజుకు నాలుగు. జలుబు మాత్రల్లోనూ, రెండు మందులు కలిసిన నొప్పి మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది, కాబట్టి రెండూ కలిపి వేసుకోకండి. ట్రమడాల్ అనే గట్టి నొప్పి మందు ఉన్న మాత్రలతో మలబద్ధకం, తలతిరుగుడు వస్తాయి. అవి వాడే రోజుల్లో బండి నడపొద్దు.

ఎన్నాళ్లు మంచం మీద ఉండాలి?

పూర్తిగా మంచాన ఉండే రోజులు పోయాయి. ఇంట్లో రోజుకు నాలుగైదు సార్లు, ఒక్కోసారి ఐదు పది నిమిషాలు నడవండి. కదలకుండా పడుకుంటే కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే ఆ రోజే చూపించుకోండి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు వస్తే 108కి ఫోన్ చేయండి.

పైపు, సంచీతో ఇంటికి పంపారు. దాన్ని ఎలా చూసుకోవాలి?

లోపల చేరే నీరు బయటికి రావడానికి పెట్టిన పైపు అది. సంచీ ఎప్పుడూ గాయం కన్నా కిందే ఉండాలి. రోజూ ఒకే టైముకు ఖాళీ చేసి, ఎంత వచ్చింది, ఏ రంగులో ఉందనేది కాగితం మీద రాయండి. పైపు ఎప్పుడు తీయాలో సర్జన్ ఆ లెక్క చూసే నిర్ణయిస్తారు. పడుకునేటప్పుడు పైపును బట్టలకు పిన్నుతో గుచ్చకండి, ప్లాస్టరుతో చర్మానికి అంటించండి. జారి బయటికొస్తే మళ్లీ లోపలికి తోయొద్దు. గాజ్‌గుడ్డ కప్పి హాస్పిటల్‌కి వెళ్లండి.

## స్నానం, కట్టు మార్చడం

స్నానం ఎప్పుడు చేయొచ్చు? కుట్లకు నీళ్లు తగిలితే చీము పడుతుందా?

48 గంటలు దాటి, గాయం పొడిగా ఉంటే స్నానం చేయొచ్చు. చెంబుతోనో షవర్ కిందో గోరువెచ్చని నీళ్లు పైనుంచి జారనివ్వండి. సబ్బు నురగ కుట్టు మీదుగా కారినా ఫర్వాలేదు, పీచుతో రుద్దకూడదు. తర్వాత ఉతికిన మెత్తని తువ్వాలుతో అద్దండి, తుడవొద్దు. గాయం చెడేది జారిపోయే నీటితో కాదు, నానడంతో. అందుకే టబ్బు స్నానం, చెరువు, గుడి కోనేరు, గోదావరి స్నానం, ఈతకొలను ఇవేవీ గాయం పూర్తిగా మానేదాకా వద్దు. వారాల తరబడి స్నానం మానేసి, చెమట, మట్టి పేరుకున్న ఒంటితో కుట్లు తీయించుకోవడానికి వచ్చేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

ఇంట్లో కట్టు మార్చుకోవచ్చా? ఎలా మార్చాలి?

మార్చుకోవచ్చు. ముందు సామానంతా ఒక ఉతికిన గుడ్డ మీద పరుచుకోండి: ప్యాకెట్ గాజ్, ప్లాస్టరు, సెలైన్ గానీ కాచి చల్లార్చిన నీళ్లు గానీ, పాత కట్టు వేయడానికి ఒక కవరు. ఫ్యాను ఆపేయండి. కట్టు మార్చే మనిషి ఉంగరాలు, గాజులు తీసేసి, సబ్బుతో మణికట్టు దాకా అర నిమిషం పైనే చేతులు కడుక్కోవాలి. గాజుల సందుల్లో పిండి, పసుపు, సబ్బు ముక్కలు ఇరుక్కుని ఉంటాయి. ఎప్పుడైనా ఒక గాజు తీసి లోపలి అంచు చూడండి, ఎందుకు చెబుతున్నానో తెలుస్తుంది.

పాత కట్టు తీశాక మళ్లీ చేతులు కడగాలి. ఇదే అందరూ వదిలేసే మెట్టు. గాయం పొడిగా ఉంటే తుడవాల్సిన పనే లేదు. తడిగా ఉంటే గాజ్ తడిపి కుట్టు మీద నుంచి బయటికి ఒక్కసారి తుడిచి ఆ ముక్క పారేయండి, దానితోనే మళ్లీ తుడవొద్దు. కొత్త గాజ్‌ను అంచులు పట్టుకుని పెట్టండి, గాయం మీద ఆనే మధ్యభాగం ముట్టుకోకండి. మిగిలిన సెలైన్ సీసాను వారమంతా దాచుకుని వాడొద్దు, మూత తీసిన 24 గంటల్లో పారేయాలి.

గాజ్‌గుడ్డ గాయానికి అతుక్కుపోయింది. లాగేయాలా?

లాగకండి. కొత్తగా పుట్టిన చర్మం దానితోపాటే వచ్చేస్తుంది. సెలైన్‌తో గానీ కాచి చల్లార్చిన నీళ్లతో గానీ తడిపి ఐదు పది నిమిషాలు ఆగితే దానంతటదే వదులుతుంది.

పసుపు, కొబ్బరినూనె, పౌడర్... ఏది రాస్తే త్వరగా మానుతుంది?

ఏదీ రాయకపోతేనే త్వరగా మానుతుంది. పసుపు మంచిదే, అందులో సందేహం లేదు, వంటలో వేసుకోండి. కానీ వంటింటి డబ్బాలోని పసుపు క్రిములు లేనిది కాదు. ఆ పొడి కుట్ల సందుల్లో గట్టిపడుతుంది, పైగా గాయం అసలు రంగు కనిపించనివ్వదు.

మా అమ్మకు హెర్నియా ఆపరేషన్ అయినప్పుడు నేను డ్యూటీలో ఉండగా ఊరి నుంచి వచ్చిన పెద్దమ్మ ప్రేమగా పసుపు వెచ్చచేసి పట్టించింది. నాలుగో రోజు కట్టు విప్పితే పసుపు పెచ్చులా బిగుసుకుపోయి ఉంది. సెలైన్‌తో నానబెట్టి ఒక్కో పెచ్చు ఊడదీయడానికి అరగంట పట్టింది. కింద కుట్టు మూల అప్పటికే చీము ఉంది. రెండు రోజులు ముందు కనిపించి ఉంటే అంత దూరం వచ్చేది కాదు.

కొబ్బరినూనె గాయం పూర్తిగా మూసుకున్నాక, పక్కు రాలిపోయాక రాసుకోవచ్చు. పౌడర్లు, బూడిద, ఆకు పసర్లు ఎప్పుడూ వద్దు.

బెటాడిన్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో రోజూ కడగాలా?

కుట్టి మూసిన శుభ్రమైన గాయానికి ఇవేవీ రోజూ అక్కర్లేదు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ క్రిములతోపాటు కొత్తగా ఎదుగుతున్న కణాలనూ కాల్చేస్తాయి. బుస్సున నురగ వస్తే లోపలి మురికంతా పోతోందని సంబరపడతారు గానీ, ఆ నురగ మన రక్తానికి, కణజాలానికి తగిలినా వస్తుంది. బెటాడిన్ డాక్టరు రాస్తేనే, రాసినన్ని రోజులే వాడండి. దద్దురు, మంట వస్తే ఆపి చెప్పండి.

కుట్లు లేవు, జిగురు వేశామన్నారు. దానికేం చేయాలి?

ఏమీ చేయక్కర్లేదు. సన్నని పొరలా మెరుస్తూ ఉంటుంది, 5 నుంచి 10 రోజుల్లో దానంతటదే రాలిపోతుంది. గోటితో గిల్లొద్దు. దాని మీద నూనె, వ్యాజలీన్, ఆయింట్‌మెంట్ ఏది రాసినా జిగురు కరిగి ముందే ఊడుతుంది.

ఎండాకాలం, చెమట పడుతోంది. గాలి తగలనివ్వాలా, మూసి ఉంచాలా?

మొదటి 48 గంటలు మూసి ఉంచాలి. ఆ తర్వాత గాయం పొడిగా ఉంటే కట్టు లేకపోయినా పర్లేదు. బట్ట రాసుకుంటుందనుకుంటే పలచగా గాజ్ వేసుకోండి. పొట్ట మడత కింద కుట్టు దాక్కునేవాళ్లకు, ముఖ్యంగా సిజేరియన్ తర్వాత, మేలో కరెంటు పోయినప్పుడు అసలు కష్టం. అక్కడ తడి ఆరదు. రోజుకు మూడు నాలుగు సార్లు పడుకుని మడత పైకెత్తి ఆరనివ్వండి. ఉతికి ఎండేసిన మెత్తని నూలు గుడ్డ ఆ మడతలో పెట్టి, తడిసినప్పుడల్లా మార్చండి.

ఇంకొక సంగతి. లంగా బొందు, ప్యాంటు బెల్టు సరిగ్గా కుట్టు మీదే పడతాయి. రోజంతా బొందు ఒరుసుకుని కుట్టు పుండైన కేసులు ఎన్నో చూశాను. నెల రోజులు వదులు నైటీ, మగవాళ్లైతే లుంగీ పైకి కట్టుకోవడం మేలు.

## తిండి, పథ్యం

పప్పు తింటే చీము పడుతుందా?

పడదు. చీము అంటే గాయంలో చేరిన క్రిములతో పోరాడి చచ్చిపోయిన తెల్లరక్తకణాలు. అది కంచంలోంచి రాదు, చేతుల నుంచి, బట్టల నుంచి, చర్మం మీది క్రిముల నుంచి వస్తుంది. పప్పు, చీము ఒకే రంగులో ఉండటం చూసి పుట్టిన మాటేమో గానీ, ఈ ఒక్క నమ్మకం వల్ల గాయాలు మానక తిప్పలు పడిన మనుషులు నాకు లెక్కలేనంతమంది తెలుసు.

తెగిన కండ, చర్మం అతుక్కోవాలంటే మాంసకృత్తులు కావాలి. మామూలు రోజుల్లో 60 కిలోల మనిషికి రోజుకు 50 గ్రాముల దాకా చాలు. ఆపరేషన్ తర్వాత 70 నుంచి 90 గ్రాములు అవసరం. శాకాహారుల ఇళ్లలో అవి దొరికేది పప్పులోనే, పాలు పెరుగులోనే. పప్పు మానేసి తెల్లన్నం, కారప్పొడి, చారు పెడితే ఇల్లు కట్టడానికి మేస్త్రీని పిలిచి ఇటుకలు ఇవ్వనట్టే. పెసరపప్పు తేలిగ్గా అరుగుతుంది, అరుగుదల సరిగా లేదనుకుంటే దానితో మొదలుపెట్టండి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఎంత తినాలో డాక్టరును అడిగే తినాలి.

గుడ్డు, చికెన్, చేప పెట్టొచ్చా? వంకాయ, గోంగూర?

ఆపరేషన్ తర్వాత మామూలు భోజనం తినొచ్చని డాక్టరు చెప్పిన దగ్గర నుంచీ అన్నీ పెట్టొచ్చు. ఒక గుడ్డులో 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి, తెల్లసొన గాయాన్ని చెడగొడుతుందన్నది అపోహ. చికెన్, చేప నూనె తగ్గించి వండండి. వంకాయ, గోంగూర తింటే దురద వస్తుందని పెద్దలంటారు. మీకు ఎప్పుడూ పడనివైతే మానండి, పడితే తినండి. జామకాయ, ఉసిరి, నిమ్మ, బత్తాయి తప్పకుండా ఇవ్వండి. కొత్త చర్మానికి బలాన్నిచ్చే కొల్లాజెన్ తయారు కావాలంటే సి విటమిన్ ఉండాలి.

బాలింత నీళ్లు ఎక్కువ తాగితే కుట్లకు నీరు పడుతుందంటున్నారు. నిజమా?

నిజం కాదు. తాగిన నీళ్లు పొట్టలోంచి కుట్లలోకి ఊరవు. సిజేరియన్ అయిన తల్లికి రెండు గ్లాసులతో సరిపెడితే మలబద్ధకం, మూత్రంలో మంట వస్తాయి, రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. పాలిచ్చే తల్లికి మామూలు కన్నా ఎక్కువే దాహం వేస్తుంది. వేడినీళ్లా చన్నీళ్లా అన్న గొడవ వద్దు, కాచినవి ఆమెకు ఎలా ఇష్టమైతే అలా తాగనివ్వండి. అత్తగారితో వాదించలేని కోడళ్లు ఫోన్లో గొంతు తగ్గించి ఈ ప్రశ్న అడుగుతారు. భర్తలూ, ఈ జవాబు మీరు చదివి ఇంట్లో చెప్పండి.

షుగర్ ఉంది. నా గాయం మానుతుందా?

మానుతుంది, షుగర్ అదుపులో ఉంటే. రక్తంలో చక్కెర ఎక్కువైతే తెల్లరక్తకణాలు మందగిస్తాయి, చీము పట్టే అవకాశం పెరుగుతుంది. ఆపరేషన్ ఒత్తిడికి షుగర్ మామూలు కన్నా పెరుగుతుంది కాబట్టి మొదటి రెండు వారాలు ఇంట్లోనే మీటరుతో తరచూ చూసుకోండి. 180 దాటుతూ ఉంటే డాక్టరుకు చెప్పి మందు సరిచేయించుకోండి. కొన్నాళ్లు ఇన్సులిన్ రాస్తే టెన్షన్ పడకండి, చాలామందికి గాయం మానాక మళ్లీ మాత్రలే సరిపోతాయి. షుగర్ పెరుగుతుందని భోజనం మానేయొద్దు. అన్నం తగ్గించి పప్పు, గుడ్డు, కూర పెంచండి.

రోజుకు రెండు బీడీలే. అయినా మానాలా?

మానాలి. నికోటిన్ సన్నని రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. గాయానికి అందాల్సిన ఊపిరి అందదు. పొగాకు నమిలినా నికోటిన్ నికోటినే.

విరేచనం కాక ముక్కాల్సి వస్తోంది. కుట్లకు ప్రమాదమా?

గట్టిగా ముక్కితే పొట్ట గోడ మీద ఒత్తిడి పడుతుంది, ముఖ్యంగా హెర్నియా ఆపరేషన్ తర్వాత. నీళ్లు, ఆకుకూర, బొప్పాయి, అరటిపండు, నడక సాయపడతాయి. రెండు రోజులైనా కాకపోతే మెత్తబరిచే సిరప్ రాయించుకోండి. విరేచనంతోపాటు గ్యాసు కూడా పోకుండా, పొట్ట ఉబ్బి వాంతులవుతుంటే అది మలబద్ధకం కాదు, వెంటనే హాస్పిటల్‌కి వెళ్లాలి.

## కుట్లు తీసేదాకా: తేడా ఏమైనా వస్తే

చీము పట్టిందని ముందే ఎలా తెలుసుకోవాలి?

ఎక్కువగా నాలుగో రోజు నుంచి పదో రోజు మధ్య బయటపడుతుంది, నెల దాకా ఎప్పుడైనా రావచ్చు. రోజురోజుకీ తగ్గాల్సిన నొప్పి పెరగడం మొదటి గుర్తు. ఆ తర్వాత వాపు, వేడి, చిక్కటి లేదా వాసన వేసే స్రావం, 100.4 డిగ్రీలు దాటిన జ్వరం.

"ఎర్రబడితే రండి" అని అందరం చెబుతాం గానీ, మన చాయ చర్మం మీద ఎరుపు ఎరుపుగా కనిపించదు. చుట్టూ చర్మం ఊదాగానో, ఇంకాస్త నల్లగానో, నిగనిగలాడుతూనో ఉంటుంది. అందుకే చేత్తో చూడండి: శుభ్రమైన చేతి వెనక భాగాన్ని కుట్టు పక్కన ఆనించి, తర్వాత పొట్ట రెండో వైపు ఆనించండి. వేడి తేడా తెలుస్తుంది. రోజూ ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి ఫొటో తీసి పెట్టుకోండి. డాక్టరుకు వంద మాటల కన్నా వరసగా ఐదు ఫొటోలు ఎక్కువ చెబుతాయి.

ఉన్నట్టుండి కట్టంతా పలచని గులాబీ రంగు నీటితో తడిసిపోయింది. ఇదేమిటి?

పెద్ద కోత పెట్టిన పొట్ట ఆపరేషన్ తర్వాత, ముఖ్యంగా ఐదు నుంచి పది రోజుల మధ్య ఇలా అయితే ఆలస్యం చేయకండి. పైన చర్మం కుట్లు బాగానే ఉన్నా, లోపల పొట్ట గోడ కుట్టు విడిపోతోందనడానికి ఇది గుర్తు కావచ్చు. నొప్పి కూడా పెద్దగా ఉండదు, అందుకే మోసపోతారు. పడుకోబెట్టి, ఏమీ తినిపించకుండా, తాగించకుండా వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్లండి.

కుట్టు విచ్చుకుని లోపలిది బయటికి కనిపిస్తోంది. ఏం చేయాలి?

108కి ఫోన్ చేయండి. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్లు ముడవండి, పొట్ట బిగువు తగ్గుతుంది. సెలైన్‌తో గానీ కాచి చల్లార్చిన నీళ్లతో గానీ తడిపిన ఉతికిన గుడ్డ కప్పి, ఆరకుండా తడుపుతూ ఉండండి. పేగు బయటికొస్తే చేత్తో లోపలికి తోయొద్దు. గట్టిగా కట్టు కట్టొద్దు. నోటికి నీళ్లు కూడా ఇవ్వొద్దు, మళ్లీ మత్తు ఇవ్వాల్సి రావచ్చు.

కుట్టు కింద గట్టిగా గడ్డలా తగులుతోంది. చీమేనా?

అన్నిసార్లూ కాదు. కుట్టు వెంట తాడులా గట్టిగా, నొప్పి లేకుండా ఉంటే అది మానే దశ, కొన్ని నెలల్లో మెత్తబడుతుంది. నీటి బుడగలా కదులుతుంటే లోపల నీరు చేరి ఉండొచ్చు. చిన్నదైతే ఒంట్లోకే ఇంకిపోతుంది. వేడిగా, నొప్పిగా, రోజురోజుకూ పెరుగుతుంటే చూపించండి. సూదితో పొడవడం, పిండడం మాత్రం ఎవరి చేతా చేయించకండి.

మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని వేసుకుంటే సరిపోతుందా?

సరిపోదు. చీము నిలిచి ఉంటే ముందు దాన్ని బయటికి తీయాలి, మందు ఆ తర్వాత. కొని వేసుకున్న మాత్రలతో జ్వరం రెండు రోజులు అణిగి, లోపల చీము మాత్రం పెరుగుతుంది. తర్వాత కల్చర్ పరీక్ష చేసినా ఏ క్రిమో సరిగా తేలదు. ఇంకోవైపు, డాక్టరు రాసిన కోర్సును బాగానే ఉందని మధ్యలో ఆపకండి. ఖర్చు భయంతో ఆగిపోతుంటే, ఆపరేషన్ ఆరోగ్యశ్రీ లాంటి పథకం కింద అయి ఉంటే అదే హాస్పిటల్లో ఆ పథకం సాయం చూసే ఆరోగ్యమిత్రను కలిసి అడగండి.

కుట్లు ఎన్నాళ్లకు తీస్తారు? నొప్పి పెడుతుందా?

ముఖానికి 3 నుంచి 5 రోజులు, తలకు 7 నుంచి 10, పొట్టకు 7 నుంచి 14, కాళ్లూ చేతులకు 10 నుంచి 14. షుగర్ ఉన్నవాళ్లకు, స్టెరాయిడ్లు వాడేవాళ్లకు ఇంకొన్ని రోజులు ఆగుతారు. చీమ కుట్టినట్టు చురుక్కుమంటుంది, అంతే. కరిగే దారమైతే తీయక్కర్లేదు, వారాల్లో బలం తగ్గి నెలల్లో ఒంట్లో కలిసిపోతుంది. దారం కొస పొడుచుకొస్తే లాగకండి.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర కుట్లు తీయించుకోవచ్చా?

వద్దంటాను. కుట్లు తీయడం కష్టమని కాదు, తీసే ముందు గాయం అతుక్కుందో లేదో చూసే కన్ను కావాలి. అనుమానమొస్తే ఒకటి విడిచి ఒకటి తీసి ఆగుతాం. దూరమైతే దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి డిశ్చార్జి కాగితంతో వెళ్లండి.

గాయాన్ని కుట్టకుండా తెరిచే వదిలేశారు. మర్చిపోయారా?

మర్చిపోలేదు. చీముగడ్డ కోసినప్పుడు, ఫిస్టులా (మలద్వారం పక్కన చీము కారే దారి) ఆపరేషన్లలో పైన మూసేస్తే లోపల మళ్లీ చీము చేరుతుంది. అందుకే అడుగు నుంచి పైకి నిండుతూ రానిస్తారు. వారాలు పడుతుంది. లోపల పెట్టే గాజ్‌ను వదులుగా పెట్టాలి, కుక్కకూడదు. అడుగున ఎర్రగా, తడిగా, దానిమ్మ గింజల్లా కనిపిస్తే బాగా మానుతోందని అర్థం. ఆ ఎరుపు చూసి భయపడకండి.

## కుట్లు తీశాక

కుట్టు చుట్టూ దురద, కొంచెం పక్కనే మొద్దుబారినట్టు ఉంది. ఇదేమైనా తేడానా?

రెండూ మామూలే. దురద మానుతున్నప్పుడు వస్తుంది. గోకకుండా చల్లని తడిగుడ్డ వేయండి, చుట్టూ చర్మానికి కొబ్బరినూనె రాయండి. కోసినప్పుడు సన్నని నరాలు తెగుతాయి కాబట్టి స్పర్శ తగ్గుతుంది. నెలల్లో తిరిగి రావచ్చు, కొద్దిమేర అలాగే మిగిలిపోవచ్చు. స్పర్శ లేనిచోట వేడినీళ్ల సంచీ పెట్టొద్దు, కాలినా తెలియదు.

బరువు ఎప్పటి నుంచి ఎత్తొచ్చు? పొలం పని, బండి నడపడం?

పైన మానినంత త్వరగా లోపల మానదు. మూడు వారాలకు గాయం బలం మామూలు చర్మంలో ఐదో వంతు మాత్రమే. మూడు నెలలకు కూడా 80 శాతం దాటదు. పెద్ద కోత ఆపరేషన్, సిజేరియన్ తర్వాత 6 వారాలు బరువులొద్దు. తల్లులకు నేను చెప్పే కొలత: మీ బిడ్డ కన్నా బరువైనది ఎత్తకండి. పది లీటర్ల నీళ్ల బిందె పది కిలోల పైమాటే. చిన్న రంధ్రాలతో చేసిన ఆపరేషన్ అయితే రెండు నుంచి నాలుగు వారాలు చాలు. నొప్పి లేకుండా గట్టిగా బ్రేక్ తొక్కగలిగినప్పుడే బండి తీయండి. పొలం, పశువుల కొట్టం పనికి గాయం పూర్తిగా మూసుకున్నాకే వెళ్లాలి. పేడ, మట్టి తెరిచిన గాయానికి తగలకూడదు.

గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయి నెలైంది. బాగా మానిన రంధ్రం దగ్గర ఇప్పుడు చీము వస్తోంది. ఎందుకు?

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. మామూలు చీము ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే వస్తుంది. మానిపోయాక మూడు నుంచి ఎనిమిది వారాలకు చిన్న గడ్డలా మొదలై, పగిలి, కారుతూ, మందులు వాడినప్పుడు తగ్గి మళ్లీ వస్తుంటే క్షయ కుటుంబానికి చెందిన మైకోబాక్టీరియా అనుమానించాలి. ఇవి నీళ్లలో ఉంటాయి, పరికరాల శుద్ధి సరిగా జరగకపోతే గాయంలో చేరతాయి. మామూలు యాంటీబయాటిక్స్‌కు లొంగవు. చీమును మైకోబాక్టీరియా కల్చర్‌కు పంపమని మీరే అడగండి. చికిత్స నెలల తరబడి ఉంటుంది, కానీ నయమవుతుంది.

మచ్చ నల్లగా, ఉబ్బుగా ఉంది. పోతుందా?

మచ్చ రంగు తేరుకోవడానికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది. గాయం పూర్తిగా మూసుకున్నాక సిలికాన్ జెల్ గానీ షీటు గానీ రెండు మూడు నెలలు వాడితే ఉబ్బు తగ్గుతుంది. షీటు రోజుకు 12 గంటలైనా ఉంచాలి. ఎండ తగిలితే ఇంకా నల్లబడుతుంది, బట్ట కప్పండి. ఉబ్బు గాయం గీత దాటి పక్క చర్మం మీదికి పాకుతుంటే అది కిలాయిడ్. దాన్ని ఊరికే కోసేస్తే తరచూ ఇంకా పెద్దదిగా వస్తుంది. స్కిన్ డాక్టరు దగ్గర ఇంజెక్షన్లతో మొదలుపెట్టించుకోండి.

కొన్ని నెలల తర్వాత, దగ్గినప్పుడు కుట్టు దగ్గర ఉబ్బి, పడుకుంటే పోతోంది. ఇదేంటి?

లోపల పొట్ట గోడ కుట్టు బలహీనపడి హెర్నియా వచ్చి ఉండొచ్చు. సంవత్సరాల తర్వాత కూడా రావచ్చు. నొప్పి లేదని వదిలేయకుండా సర్జన్‌కు చూపించండి. చిన్నగా ఉన్నప్పుడు సరిచేయడం తేలిక. ఆ ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పి, వాంతులు మొదలైతే పేగు ఇరుక్కుందని అర్థం. అప్పుడు తెల్లారేదాకా ఆగకండి, రాత్రైనా సరే ఆపరేషన్ థియేటర్ ఉన్న హాస్పిటల్‌కే నేరుగా వెళ్లండి. బయల్దేరేటప్పుడు పాత డిశ్చార్జి కాగితం, వాడుతున్న మందుల చీటీ వెంట తీసుకెళ్లండి.